వదిన ఎత్తేసిన ఇసుక

వద్దమ్మా, ఆ చొక్కా అక్కడే పెట్టు. మార్చను. ఇదే ఉండనీ. డాక్టరమ్మ వస్తుందని తెలుసు, పొద్దుట్నుంచీ నువ్వు చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతూనే ఉన్నావు కదా. వస్తే రానీ. ఆవిడేమన్నా నా చొక్కా చూడ్డానికి వస్తోందా? జన్మంతా చొక్కాలు కుట్టి బతికినవాణ్ణి, నాకు చొక్కా సంగతి చెబుతావేంటి. ఆ గిన్నె కూడా కదపకు. అవును, చూశాను, అందులో ఏముందో నాకు తెలుసు, దగ్గింది నేనే కదా. మంచం పక్కనే ఉండనీ. అబ్బ, నువ్వు అచ్చం మా వదినలా తయారయ్యావే. ఏ వదిన ఏంటి, నాకున్నది ఒక్కతే వదిన. మా అన్నయ్య భార్య. మీ నాన్నకి పెద్దమ్మ, అంటే నీకు పెద్దమామ్మ అవుతుంది. నువ్వు పుట్టకముందే పోయింది. ముందుగదిలో ఫోటో ఉంది చూడు, అన్నయ్య పక్కన కూర్చున్నావిడ. ఈసారి మొహం కాదు, కుర్చీ కింద నేల చూడు. అద్దంలా ఉంటుంది. ఫోటో తీసేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, ఆ నేల తుడిచి, అది ఆరాక లోపలికి రమ్మంది ఆవిడ. నవ్వకు, నిజం. దుప్పటి తర్వాత సర్దుదువుగాని, ఆ కుర్చీ ఇలా లాక్కో. ఆవిడొచ్చేలోపు చెబుతాను.

మా వదినకి లోకంలో ఒకటే భయం. దొంగలంటే కాదు, పాములంటే కాదు. 'ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు!' అదీ భయం. ఉత్తరాలు ఇచ్చేవాడు వీధి మలుపు తిరిగాడంటే చాలు, ఇక్కడ చీపురు లేచేది. వాడు గుమ్మం కూడా తొక్కడు, గేటు మీంచి ఇచ్చి పోతాడు, అయినా సరే. ఒకసారి ఆవిడకి ఒంట్లో బాలేదని అన్నయ్య ఇల్లు ఊడ్చడానికి ఒక మనిషిని పెట్టాడు. ఆ మనిషి వచ్చేసరికి ఇల్లంతా ఊడ్చేసి ఉంచేది వదిన. 'పాపం కొత్తమనిషి, చెత్త ఇల్లు ఎలా చూపిస్తాను?' అనేది. ఆ పిల్ల నెల తిరక్కుండా మానేసింది. 'నాకిక్కడ పనేం లేదు బాబూ, ఊరికే కూర్చుంటే జీతం పుచ్చుకోవడానికి సిగ్గుగా ఉంది' అని నాతోనే చెప్పి పోయింది. మేమంతా నవ్వుకునేవాళ్లం. అయినా ఆ జబ్బు మా వదిన ఒక్కదానికే అనుకోకు. నా దుకాణంలో రోజూ చూసేవాణ్ణి. టేపు నడుం చుట్టూ వేస్తానా, ప్రతివాడూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునేవాడు. 'వదలండి బాబూ, వదలండి, కొలత నాక్కాదు మీకే' అని మొత్తుకునేవాణ్ణి. వినేవాళ్లా? తర్వాత గుండీలు పట్టకపోతే దర్జీవాడు బట్ట కొట్టేశాడని వీధంతా చాటేవాళ్లు. సరే, ఎక్కడున్నాం?

ఆఁ, ఏరు. అన్నయ్యకి ఏటి పక్కన చిన్న పొలం చెక్క ఉండేది. చిన్నదే, కానీ నల్ల నేల. ఉల్లి వేసినా, బంగాళాదుంప వేసినా ఇంటిల్లిపాదికీ ఏడాది గడిచిపోయేది. ఒక ఏడు ఏరు పొంగింది. పొంగడం కొత్తేం కాదు, కానీ ఆసారి కట్టకి గండి పడింది, సరిగ్గా మా చెక్క తలాపున. నీళ్లొచ్చాయి, పోయాయి. పోతూ పోతూ పొలం నిండా ఇసుక వదిలి పోయాయి. మేట వేయడం అంటారు దాన్ని. కొన్నిచోట్ల చీలమండ దాకా, గండి దగ్గరైతే మోకాలు దాకా. దాని మీద నువ్వు ఏం చల్లినా మొలవదు. అయినా ఇసుక ఎలాగో ఎత్తుకోవచ్చమ్మా. గండి పూడ్చడం ఉంది చూశావూ, అది మనుషుల వల్ల అయ్యేది కాదు. యంత్రాలు రావాలి, రాళ్లు రావాలి, లారీలకి లారీలు మట్టి రావాలి. గండి అలాగే ఉంటే మళ్లీ వానలకి మళ్లీ ఇసుక. అన్నయ్యకి అదే బెంగ. పైగా నీళ్లొచ్చిన రోజు పశువుల పాక దూలం విరిగి కాలి మీద పడింది, తొడ దాకా కట్టు, మంచం దిగే దారి లేదు. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే మాట. 'ఒరేయ్ తమ్ముడూ, ఆ గండి పూడకపోతే చెక్క అమ్ముకోవాల్సిందే. టౌన్లో ఏ గోడౌన్ ముందో స్టూలేసుకుని కూర్చుంటా కాపలావాడిగా.' నవ్వుతూ అనేవాడు గానీ, గోడ వైపు తిరిగి అనేవాడు.

అప్పుడొచ్చింది జీపు, మైకు కట్టుకుని. 'రైతు సోదరులకు విజ్ఞప్తి! వరదకి దెబ్బతిన్న పొలాలని మళ్లీ బాగుచేసుకోవడానికి ప్రభుత్వం అత్యవసర సాయం ప్రకటించింది! ఇసుక మేటలు తీయడానికి, గండ్లు పూడ్చడానికి అయ్యే ఖర్చులో పెద్దభాగం ప్రభుత్వమే భరిస్తుంది! అధికారులు స్వయంగా మీ పొలానికి వచ్చి చూస్తారు! వారు చూసేవరకు ఎవరూ పనులు మొదలుపెట్టరాదు!' అవునమ్మా, ఊరికే ఇచ్చేది, తిరిగి కట్టక్కర్లేదు. కానీ ఆ ఆఖరి మాట ఉందే, అది ముఖ్యం. ముందు వాళ్లు చూడాలి, అంచనా కట్టాలి, సరే అనాలి, ఆ తర్వాతే పార పట్టాలి. సొంతంగా చేసేసుకున్నవాడికి ఇక సాయమెందుకు అని వాళ్ల లెక్క. తప్పు పట్టడానికి లేదులే. అన్నయ్య మంచంలోంచే విన్నాడు. వదినని పిలిచి, 'విన్నావుగా, ఆఫీసరు వచ్చి చూసేదాకా అక్కడ ఏ పనీ మొదలుపెట్టకూడదుట' అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. 'అలాగే' అంది. అబద్ధం కాదమ్మా, నిజంగానే అలాగే అంది. కానీ ఆవిడ బుర్రలో దిగింది మాత్రం ఒక్కటే మాట. ఆఫీసరు వచ్చి చూస్తాడు!

ఇంకేముంది. ఆఫీసర్లకి చూడాల్సిన ఊళ్లు బోలెడు, వాళ్లు రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలన్నీ మా వదిన రోజూ 'కాస్త పొలం దాకా వెళ్లొస్తా' అని చెప్పి వెళ్లేది. చూసిరావడానికనుకున్నాడు మా అన్నయ్య. నేనేమో దుకాణంలో బడిపిల్లల యూనిఫారాల కింద కూరుకుపోయి ఉన్నాను, తల ఎత్తే తీరిక లేదు. ఆవిడా, పాలావిడా, వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లూ కలిసి తట్టలతో ఇసుక మోసి పొలం ఓరన పోశారు. ఇంటికొచ్చే ముందు బావి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, జుట్టు దులుపుకుని మరీ వచ్చేది. తర్వాత్తర్వాత అడిగాను, 'వద్దని చెప్పాడు కదా వదినా అన్నయ్య, ఎలా చేశావు?' అని. ఏమందో తెలుసా? నా వంక వింతగా చూసి, 'పని మొదలుపెట్టొద్దన్నారు, నేను పనెక్కడ మొదలుపెట్టాను? ఊడ్చానంతే. ఊడవడం కూడా పనేనా?' అంది. పొద్దున లేస్తే పడుకునేదాకా చేసేదంతా అదే, దాన్ని పని అని ఎవరూ అనగా వినలేదు ఆవిడ. మేమూ అనలేదనుకో.

ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చిన రోజు అన్నయ్య పట్టుబట్టాడు, తనూ వచ్చి తీరతానని. ఎడ్లబండి మీద కుర్చీ వేసి, కాలు చాపి కూర్చోబెట్టి, నేనూ పక్కింటి మీసాలాయనా పట్టుకుని తీసుకెళ్లాం. మీసాలాయన పొలం కూడా మా చెక్క పక్కనే, పెద్ద నోరు, మంచివాడు. ఆయన పొలంలో ఇసుక ఇసుకలాగే ఉంది, ఎడారి. అది దాటి మలుపు తిరిగామా, మా అన్నయ్య నోరు తెరిచాడు. ఇక మూయలేదు. ఏం పొలమమ్మా అది! నల్లగా, దువ్విన జుట్టులా, అంచులు చెక్కినట్టు. వచ్చే దారిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి ఉంది. మధ్యలో ఒక కుర్చీ, దాని మీద ఉతికిన తువ్వాలు, పక్కన ఫ్లాస్కులో టీ. మా వదిన ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది. మీసాలాయన నా చెవిలో, 'అదేంటయ్యా, మీకు ముందే వచ్చి చూసేసి వెళ్లారనుకున్నానే నేను!' అన్నాడు.

ఆఫీసరు కుర్రాడే, చేతిలో ఇంత పొడుగు ఇనప చువ్వ. దాన్ని ఇసుకలో గుచ్చి లోతు చూడ్డం ఆయన పని. మేమంతా ఆయన్ని చువ్వ ఆఫీసరనే అనేవాళ్లం. వచ్చాడు, పొలంలోకి దిగాడు, చువ్వ గుచ్చాడు. మెత్తగా దిగింది మట్టిలోకి. తీసి చూశాడు. ఇంకోచోట గుచ్చాడు. 'అమ్మా, ఇసుక ఏదమ్మా?' అన్నాడు. మా వదిన ఎంత గొప్పగా చెప్పిందనుకున్నావ్! 'లేదండి! ఎక్కడా లేదు, చూసుకోండి!' మీసాలాయన ఊరుకోలేక, 'సార్, అదిగో ఆ దిబ్బ, అదంతా ఈ పొలంలోదే, నా మీసాల మీద ఒట్టు' అన్నాడు. 'నన్ను దిబ్బలు చూడమని పంపలేదండీ, పొలం చూడమని పంపారు. పని అయిపోయాక నేనేం రాయను?' అన్నాడు ఆఫీసరు. 'మరి గండి ఉంది కదా బాబూ' అని అన్నయ్య బండి మీంచి చేతులు జోడించాడు. 'గండి ఉంది గానీ, పొలంలో నష్టం ఉంటేనే గండి లెక్కలోకొస్తుందండీ. నష్టం లేని పొలానికి కట్ట దేనికని పైవాళ్లు అడుగుతారు నన్ను.' అప్పటికి గాని మా వదినకి ఎక్కలేదు. టీ పోస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆ కుర్రాడు చెడ్డవాడు కాదమ్మా. చువ్వ తుడుచుకుంటూ, ఎటో చూస్తూ, 'నేను అవతలి ఒడ్డున పొలాలు చూసుకుని సాయంత్రం మళ్లీ ఇటే వస్తాను' అన్నాడు. ఎవరితోనూ అనలేదు, గాలితో అన్నట్టు అన్నాడు. అర్థమైందా నీకు? మాకర్థమైంది. జీపు కదిలిందో లేదో మీసాలాయన తట్ట అందుకున్నాడు. 'ఏంట్రా చూస్తున్నారు, పట్టండి! ఎత్తిన ఇసుకే కదా, తిరిగి పోసేద్దాం!' మనుషులు చేరారు, పారలు వచ్చాయి. మొదటి తట్ట దిబ్బ దగ్గర లేచిందో లేదో, మా వదిన గట్టు మీద అడ్డంగా నిలబడింది. 'నా పొలంలో ఒక్క తట్ట పోశారంటే ఆ తట్ట మీ నెత్తినే బోర్లిస్తాను' అంది. అన్నయ్య బండి మీంచి, 'పొయ్యనివ్వవే, మన గండి కోసమే కదే' అని బతిమాలాడు. 'ఊడ్చిన చోట తిరిగి చెత్త పోస్తారా ఎవరైనా?' అంది. అంటూ ఏడుస్తోంది. తనేం చేసిందో తెలిసిపోయింది ఆవిడకి, చెక్క పోతుందని తెలుసు, అయినా కదలదు. ఏడుస్తూనే అడ్డం నిలబడింది. వంచిన తల ఎత్తదు, గట్టు దిగదు. సాయంత్రం ఆఫీసరు వచ్చి చూశాడు. పొలం ఎలా ఉన్నది అలాగే ఉంది. ఆ చల్లారిన టీ తాగి వెళ్లిపోయాడు. అందరి పొలాలకీ సాయం వచ్చింది, యంత్రాలొచ్చాయి. మాకు రాలేదు.

లేదులే, చెక్క పోలేదు. విను మరి. మీసాలాయన తన వైపు కట్ట వేయించుకుంటున్నప్పుడు యంత్రం నడిపేవాడికి కడుపునిండా భోజనం పెట్టించి, మా గండి వైపు కూడా కాస్త మట్టి తోయించాడు. తూతూమంత్రంగా. మరుసటి వానలకి అది కరిగిపోయింది, మళ్లీ మేట. మళ్లీ జీపు, మళ్లీ మైకు. ఈసారి అన్నయ్య చెప్పక్కర్లేకపోయింది. వదిన చీపురు, తట్టలు, పార అన్నీ తీసుకెళ్లి పాలావిడ ఇంట్లో పెట్టేసి వచ్చింది. తన చేతుల మీద తనకే నమ్మకం లేదన్నమాట. ఆ వారాలు ఆవిడని చూడలేకపోయేవాళ్లమమ్మా. పొలం కనిపిస్తుందని ఆ దారిన అడుగు పెట్టేది కాదు. అన్నం కెలికి వదిలేసేది. మా ఇంటికొచ్చి నా దుకాణం ఊడ్చి పోయేది రోజుకి రెండుసార్లు, కత్తిరింపుల పీలికలు కింద పడనిచ్చేది కాదు. చివరికి వచ్చాడు, అదే చువ్వ ఆఫీసరు. వదిన రానంటే రానంది, ఇంట్లోనే మొహం దాచుకుని కూర్చుంది. ఆయన గుచ్చి చూసుకుని, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, 'ఈసారి చాలా బాగుందమ్మా!' అని అరిచి వెళ్లాడు. ఆ మాటకి ఏళ్ల తరబడి నవ్వుకున్నాం. గండి పూడింది. ఇప్పుడు మీరంతా పొద్దున్నే నడుస్తారే ఆ కట్ట మీద, అదే.

మంచినీళ్లియ్యి కాస్త. ఆఁ, చాలు. ఇక్కడితో అయిపోయుంటే ఎంత బావుండేది, నవ్వుకునే కథ. చాలా ఏళ్ల తర్వాత వదినకి కడుపులో నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. పెరట్లోకి వెళ్లి వాంతి చేసుకుని, కడిగేసి వచ్చేది. అన్నయ్య ఒకరోజు చూసేశాడు. వాంతిలో రక్తం. కాలుగాలిన పిల్లిలా పరిగెత్తుకొచ్చాడు నా దగ్గరికి. ఆసుపత్రికంటే ఆవిడ రాదు, అందుకని టౌన్లో పేరున్న డాక్టర్ని బతిమాలి ఇంటికే పిలిపించాం. నేనే వెళ్లి తీసుకొచ్చాను. లోపలికి వెళ్లేసరికి, ఏం చెప్పను తల్లీ. పక్క దులిపి, దుప్పటి మార్చి, ముడత లేకుండా పరిచి ఉంది. గిన్నెలు లేవు, గుడ్డలు లేవు, కిటికీ తీసి ఉంది, వాసన లేదు. ఆవిడ స్నానం చేసి, జుట్టు నున్నగా దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. 'ఎలా ఉందమ్మా?' అన్నాడాయన. 'బానే ఉన్నానండీ, వీళ్లదే గోల. ముందు మీరు టీ తాగండి.' అన్నయ్య ఏదో చెప్పబోతే కళ్లతో కసిరింది. 'రక్తం పడిందటగా?' 'అయ్యో, బీట్‌రూట్ తిన్నానండీ, ఈయనకి కంగారు.' పొట్ట నొక్కి చూస్తే నొప్పి కూడా మింగేసింది, చిరునవ్వు చెదరలేదు. నాడి చూశాడు, నాలుక చూశాడు, అజీర్ణం అన్నాడు, ఏవో మాత్రలు రాసి వెళ్లిపోయాడు. మేము నమ్మేశాం. నమ్మితే హాయిగా ఉంటుంది కదా, అందుకని నమ్మేశాం. ఇంకోసారి డాక్టర్ దగ్గరికి ఎత్తుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఉల్లి తవ్వే వేళకి ఆవిడ లేదు.

ఆవిడ పోయిన రోజు అందరూ వెళ్లిపోయాక అన్నయ్య ఆ కుర్చీ దగ్గరే నిలబడ్డాడు. ఏడవలేదు. నా భుజం పట్టుకుని, 'ఇసుకంతా ఎత్తేసిందిరా. డాక్టరు వచ్చేలోపు ఇసుకంతా ఎత్తేసింది' అన్నాడు. అంతే. ఆయన బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాకు ఆవిడంటే ప్రాణం అమ్మా. మా అమ్మ పోయాక నాకు అన్నం పెట్టింది ఆవిడే. ఇప్పటికీ కోపం వస్తుంది ఆవిడ మీద, కోపం వచ్చినప్పుడల్లా...

అదిగో, గేటు చప్పుడు. డాక్టరమ్మే అయ్యుంటుంది. వెళ్లి తలుపు తియ్యి. తియ్యి గానీ, ఆ గిన్నె ఎక్కడికి పట్టుకుపోతున్నావు? ఇలా తే. ఇలా నా ఒళ్లో పెట్టు.